పన్నెండు అంచుల పగ

పిల్లలూ, నేను గట్టిగా మాట్లాడనని మీరు నవ్వుతుంటారు. పగ పట్టడానికి గట్టిగా మాట్లాడనక్కర్లేదు. సిద్దిపేట బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన మీద నాకు ఇంకా పగ ఉంది.

మీ ముత్తాత దుబ్బాకలో చీరల అంచులకు బొమ్మలు గీసేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు. నేతగాడు ఆ గళ్లు లెక్కపెట్టుకుంటూ హంసనో, మామిడిపిందెనో మగ్గం మీదికి దింపుతాడు. కాగితాలకు చెదలు పడుతున్నాయని నూట పది బొమ్మల్నీ స్కాన్ చేసి నా పాత లాప్‌టాప్‌లో దాచాను. ఆ తర్వాత కాగితాలు పొడిపొడి అయ్యాయి. ఇక ఉన్నవి లాప్‌టాప్‌లోవే.

అది నెమ్మదించిందని, దాన్ని నడిపే విండోస్ తీసి బదులుగా లినక్స్ వేసిందీ ఆ బస్టాండు దగ్గరాయనే. కొన్నాళ్లకు లాప్‌టాప్ ఖాళీ లేదని చెప్పడం మొదలుపెడితే మళ్లీ ఆయన దగ్గరికే తీసుకుపోయాను.

"డిస్క్ నిండిందమ్మా. గీ బొమ్మలు మస్తు పెద్దగున్నయ్. చిన్నగ చేస్త."

"గళ్లు పోవు గద బిడ్డా?"

"ఏంబోతయ్? కండ్లకు గట్లనే కనవడ్తయ్. అయినా గీ వయసుల నీకెందుకమ్మా గియన్ని?"

పన్నెండు బొమ్మల్ని కుదించి, పాతవాటి మీదే సేవ్ చేసి, మిగతావి రేపు చేస్తానన్నాడు. ఇంటికొచ్చి హంసను పెద్దది చేసి చూశాను. గళ్లన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి ఉన్నాయి. ఆ అంచు ఇక ఎవరూ నేయలేరు.

మర్నాడు పోలేదు. డిస్క్‌లో ఏముందో చూపించే జీపార్టెడ్ అనే ప్రోగ్రాం తెరిస్తే సగానికి పైగా బూడిదరంగు, అంటే వాడని ఖాళీ. విండోస్ తీసేసిన జాగాను దేనికీ కేటాయించకుండా అలాగే వదిలేశాడు! నా హంస పోయింది జాగా లేక కాదు, ఆయన బద్ధకానికి.

మీకు ఫోన్ చేస్తే నిమిషాల్లో చెప్పేవాళ్లు. చేయలేదు. ఈ పని నా చేత్తోనే కావాలనుకున్నాను. వీడియోలు చూసి, కాగితం మీద రాసుకుని, వారం రోజులు చదివాను. ఒక్క తప్పు నొక్కుతో మిగిలిన తొంభై ఎనిమిదీ పోతాయి.

ముందు అన్నిటినీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాను. కాపీ అయిందని కంప్యూటర్ అంటే నమ్మలేదు. అక్కడినుంచి ఒక్కొక్కటీ తెరిచి గళ్లు చూసుకున్నాను. లినక్స్ నడుస్తుండగా దాని కిందున్న జాగాను కదపకూడదని పెన్‌డ్రైవ్ నుంచి లాప్‌టాప్ మొదలుపెట్టాను. బ్యాటరీ నిండుగా ఉన్నా చార్జర్ తీయలేదు. నా బొమ్మలున్న భాగానికీ ఖాళీకీ మధ్య, లినక్స్ తాత్కాలికంగా వాడుకునే స్వాప్ అనే చిన్న ముక్క అడ్డం ఉంది. ఆనుకుని ఉన్న ఖాళీనే కలుపుకోగలం. అందుకని స్వాప్‌ను ఆపి, చివరికి జరిపి, అప్పుడు నా భాగాన్ని దాని దాకా లాగాను. టిక్ నొక్కాక, పని ఎంతయిందో చూపే గీత నిండేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు.

తొంభై ఎనిమిదీ ఉన్నాయి. అన్నీ ఉన్నాయని తెలిశాకే దుకాణానికి బయలుదేరాను.

"ఏందమ్మా, మల్ల నిండిందా?" అన్నాడు, నలుగురు గిరాకీల ముందు.

"లేదు బిడ్డా. సగం జాగ నువ్వే ఇడిశిపెట్టినవ్. నేను కలుపుకున్న."

"నువ్వా? గా పని మేమే భయపడుకుంట జేస్తం!"

లాప్‌టాప్ తెరిచి చూపించాను. ఆయన నవ్వు ఆగింది. సంచిలోంచి మసక హంస ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాను.

"మెడకు ఎన్ని పోగులో జర లెక్కవెట్టు."

"ఏడు... కాదు, తొమ్మిది..."

"ఏందన్నా, లెక్కలు రావా?" అని ఒక గిరాకీ నవ్వాడు.

"కనవడ్తలేదమ్మా."

"కండ్లకు గట్లనే కనవడ్తయ్ అంటివి గద బిడ్డా."

"తప్పయింది."

"నాకెందుకు చెప్తున్నవ్? నేయనీకి కూసున్నోళ్లకు చెప్పు."

పక్క జిరాక్స్ కొట్లో గమ్ము అడిగి తెచ్చి, హంసను ఆయన అద్దానికి నేనే అంటించాను. లోపలికి వచ్చే ప్రతివాడూ అదేమిటని అడగాలి. అడిగినప్పుడల్లా ఆయన చెప్పుకోవాలి.

ప్రతి మంగళవారం కూరగాయలకు ఆ దారినే పోతాను. మొన్న చూస్తే హంస లేదు. ఆయన తల వంచుకున్నాడు. సంచిలోంచి మసక మామిడిపిందె ప్రింటు తీసి అదే చోట అంటించాను. అలాంటివి ఇంకా పది ఉన్నాయి.