అమ్మకు చక్కర్ రాలేదు

దేవసూగూరు జాతరలో అమ్మ చక్కరొచ్చి, కండ్లు తిరిగి పడిపోయిందని మా ఇంట్ల ఇప్పటికీ చెప్తరు. చుట్టాలొస్తే అన్న మొదలుపెడతడు, మిగిలినోళ్లు తలలాడిస్తరు. ఒట్టి అబద్ధం. పక్కన నిలబడి చూసింది నేను.

అన్నది థర్మల్ కరెంటు ప్లాంటుల కాంట్రాక్టరు దగ్గర కరెంటు పని. పాత వ్యానొకటి కొని, సీట్లు పీకేసి, రెండు పరుపులు, స్టవ్వు, ఫ్యాను, బల్బు పెట్టిండు. వైరింగంతా తనదే. జాతరకు పోతే పక్క దుకాణం నుంచి లైను గుంజుకునుడే. లోపల వంట చేస్తం, దేవుని పటముంది, అది మాకు ఇల్లే; అందుకని చెప్పులు కిందనే విడిచి ఎక్కేటోళ్లం. వదిన మాత్రం పిల్లలతో సహా రబ్బరు చెప్పులతోనే ఎక్కేది. అదేం పద్ధతని నేను ఆమెతో రెండు మూడుసార్లు జగడం పెట్టుకున్న.

ఆ పొద్దున అమ్మ గిన్నెలు తోమి, తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి తలుపు కమ్మి పట్టుకుంది. చెయ్యి గుంజుకుపోయినట్టయ్యి వెనక్కి పడ్డది.

"చక్కరొచ్చింది, నీళ్లు తాపియ్యి," అన్నడు అన్న.

"చక్కరొస్తే చెయ్యెందుకు వంకర పోతదన్నా?"

"షురూ చేసినవా? బీయెస్సీ చదివితే డాక్టరైతవా?"

నేను అన్న సంచిల నుంచి టెస్టరు తెచ్చి తలుపుకు ఆనించిన. అందులో దీపం వెలిగింది. దుకాణంలో మా ప్లగ్గు పీకి, తిప్పి పెట్టిన. దీపం వెలగలేదు. మళ్లీ తిప్పిన, వెలిగింది. లోపల ఫ్యాను మాత్రం రెండు తీర్లా సుఖంగా తిరుగుతనే ఉంది.

ప్లగ్గు పూర్తిగా పీకేసి బండిల స్విచ్ బోర్డు విప్పిన. జాతరల దొరికేది రెండు తీగల లైను, ఎర్త్ ఉండదు. అందుకని అన్న, బండి ఒంటికి తగిలించిన ఎర్త్ తీగను తెచ్చి, కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగకే ముడేసిండు. ప్లగ్గుకున్నది రెండే కాళ్లు, ఎటైనా దూరుతది. తిరగేసి పెడితే న్యూట్రల్ జాగల కరెంటొచ్చి, ఆ ముడి నుంచి బండి ఒళ్లంతా పారుతది. టైర్లు రబ్బరువి కాబట్టి ఫ్యూజు కూడా పోదు. లోపల కూసున్నోళ్లకు ఏం కాదు. నేల మీద ఉత్త కాలు పెట్టి తలుపు పట్టుకున్నోళ్లకే దెబ్బ.

"ఈ ముడి ఎవరేసిండ్రు?" అని అడిగిన.

"మొత్తం థర్మల్ నడిపిస్తున్న నాకు నువ్వు ముడులు నేర్పుతవా?"

అప్పుడే వదిన, పాపం, ఆయనను కాపాడబోయి నోరు జారింది. "ఆయనకు తెలిసే కదా, ఆ తలుపు షాక్ కొడ్తది, చెప్పులు ఇడువకండ్రి అని మాకు ముందే చెప్పిండు!"

అమ్మ దుకాణంల పండుకొని ఉంది, ఆ మాట వినలె. ఎదురుంగ థర్మల్ చిమ్నీలు పొగ వదులుతనే ఉన్నయి.

"నీకు చెప్తే పంచాయితీ పెడ్తవు, జాతర ఆగిపోతది," అన్నడు అన్న, నా మొహం చూడకుండా.

ఆ ముడి నేనే విప్పిన. కానీ అమ్మ కొడుకు మాటే నమ్మింది. నాకేదో రోగముంది, తోవల పడితే మీకు తిప్పలు అని, అంత ఇష్టంగా ఎక్కే బండి ఎక్కుడే మానేసింది. అది రోగం కాదే, కరెంటే అని నేనెంత మొత్తుకున్నా, "వాడు కరెంటు పనోడు, వానికి తెల్వదా?" అంటది. వాడు పక్కనే కూసుని వింటడు. నోరు తెరవడు.

నాకు చెప్పలేదు, సరే, నా నోటికి భయపడ్డడనుకుంటా. నోరెత్తి ఒక్క మాట అనని అమ్మకెందుకు చెప్పలేదు?