ట్రాక్టరుకు పట్టిన గాలి

నూనె పంపు బాగుచేయించినా ట్రాక్టరు వెనక నాగలిని ఎత్తే లిఫ్టు లేవలేదన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పెద్దమ్మ ఈరమ్మ. ఈ రోజు సిరుగుప్పలో ఓ మెకానిక్ షెడ్డు ముందు నూనె వాసన తగలగానే ఆమె గొంతు మళ్ళీ వినిపించినట్టయింది.

చిన్నప్పుడు నేను బడికి పోలేదు. దేవుడి గూటి ముందు అమ్మే అక్షరాలు దిద్దించేది. ఆ రోజు పెద్దమ్మ మాట వినగానే పలక అక్కడే వదిలేసి కల్లంలోకి పరుగెత్తాను. నాయన మొహం వాడిపోయి ఉంది.

"మడక పైకి లేవకుంటే మడి దున్నేదెట్లప్పా? కాలవ నీళ్ళు ఇంగ నాలుగు దినాలే."

మెకానిక్ మస్తాన్ మామ నూనె మూత తీసి చూశాడు. లోపలంతా తెల్లటి నురగ.

"గాలి పట్టిండాదన్నా," అన్నాడు.

గాలి పట్టడమంటే నాకు తెలిసింది ఒకటే, దెయ్యం. దేవుడి గూట్లోంచి విభూతి తెచ్చి, మూత తీసిన చోట లోపలికి చల్లబోయాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"లోపల వద్దు తల్లీ, పంపు సస్తాది. బానెట్‌కు పెట్టు, సాలు."

పెట్టాను. ఆయన నూనె పీల్చే పైపు విప్పి, నలిగిపోయిన రబ్బరు రింగు చూపించాడు.

"సూడు, నీ దెయ్యం ఈడుండాది. ఈ సందులోంచే గాలి పీలుస్తాంది."

కొత్త రింగు వేశాక లిఫ్టు రెండుసార్లు వణికి, మెల్లగా లేచింది.

ఆ చిటికెడు బూడిద లోపల పడివుంటే ఆ ఏడు మాకు పంట ఉండేది కాదని పెద్దయ్యాకే తెలిసింది. ఆయన నన్ను తిట్టలేదు, నా విభూతినీ కాదనలేదు. మీరు దండం పెట్టుకునేటప్పుడు మస్తాన్ మామను కూడా ఒకసారి తలుచుకోండి.