ద్రాక్షతోట వాళ్లిచ్చిన సీసా

1957లో నేను ఆళ్లగడ్డలో ఇంగ్లీషు మాస్టరుగా ఉన్నప్పుడు మా పక్కింట్లో సిపాయి తాత ఉండేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో గాయపడి, కోలుకుంటూ అక్కడి ఒక ద్రాక్షతోటలో కోతకాలమంతా పనిచేశాడు. ఒక కొడుకు యుద్ధంలో పోయిన ఇల్లు అది. తిరిగొచ్చేటప్పుడు ఆ తల్లి తమ తోటలో చేసిన ఎర్రవైను సీసా చేతిలో పెట్టిందట.

ఆ ఇంటి కూతురు ఏటా ఇంగ్లీషులో ఉత్తరం రాసేది. నంద్యాల బస్సులో టపా రాగానే తాత నా దగ్గరికి తెచ్చేవాడు. మనుషుల క్షేమం కంటే ముందు, "ద్రాక్ష యెట్ల పండిందంట సారూ?" అని అడిగేవాడు. మంచు కొట్టిందని చదివితే ఆ పూట అన్నం సయించేది కాదు.

సాయిబు కాబట్టి ఆయన మద్యం ముట్టడు. సీసాను మాత్రం నలభై ఏళ్లు పెట్టెలో దాచాడు. అవి మద్యనిషేధం రోజులు. నాటుసారా కోసం వీధంతా వెతికిన పోలీసులకు అది దొరికింది.

"తాగనోనికి ఇదెందుకు తాతా?" అన్నాడు హెడ్డు కానిస్టేబులు.

"కొడుకును పోగొట్టుకున్న తల్లి ఇచ్చిందప్పా. యెట్ల పారేద్దును?"

హెడ్డు సీసాను తాత చేతికే తిరిగిచ్చాడు. "కేసు రాయను. నువ్వే పారబోయి."

తాత చాకుతో బిరడా తీసి పెరట్లో వంచాడు. నేను పక్కనే నిలబడి చూశాను.

మర్నాడు నాచేత జవాబు రాయించాడు. "అందరం కలిసి తాగినామని రాయి సారూ. శానా బాగుండిందని రాయి."

రాశాను. ఇన్నేళ్లయినా రంగు ఎర్రగానే ఉందని నేనొక వాక్యం కలిపాను. అది నేను కళ్లారా చూసిందే.