లోకల్ కదండీ

పరాయి దేశపు నేవీ యార్డులో వెల్డరుగా చేశాను. అక్కడ ఉద్యోగాలిచ్చే ఆఫీసరుది మా గుండుగొలనే. ఎవరొచ్చినా లేచి, రెండు చేతులతో చెయ్యి పట్టుకుని, మాటమాటకీ 'అండీ' తగిలించేవాడు.

బయటిదేశాల నుంచి పిలిపించుకున్న వాళ్ళకిచ్చే జీతం నాకూ ఇమ్మని అడిగాను.

"మీరు ఇక్కడికొచ్చాకే చేరారు. లోకల్ కదండీ" అన్నాడు.

పోనీ, లోకల్ వాళ్ళకిచ్చే పర్మనెంటు పోస్టయినా ఇమ్మన్నాను.

"మీరు ఫారినర్ కదండీ" అన్నాడు, అదే చెయ్యి నిమురుతూ.

పౌడరు వాసన కొట్టే ఆ మెత్తటి చేతులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కంపరమెత్తుతుంది.

మొన్న భీమడోలు స్టేషన్లో ఎదురుపడి మళ్ళీ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంతైనా మనం మనం లోకల్ కదండీ!"

చెయ్యి లాక్కున్నాను.

"దేనికండీ? జీతానికా, పోస్టుకా?"