చెలకకు కొట్టిన మందు, మడికి వచ్చిన నీళ్లు

కోస్గి దిక్కు మా అత్తగారి చెలక వాలు మీద ఉండేది. పై భాగం మా బావది, అంటే మా ఇంటాయనకు అన్నయినాయనది. కింది భాగం మాది. మా చెలక కొసకు ఒక గుంత తవ్వి, పైనుంచి జారివచ్చే వాన నీళ్లను ఆపుకొని, నేను చిన్న మడిల టమాట, చిక్కుడు పెట్టుకునేదాన్ని. తినంగ మిగిలినయి అంగడికి పోయేటియి. పెండ్లయి వచ్చినంక ఆ ఇంట్ల నాది అని చెప్పుకునేది ఆ మడి ఒక్కటే.

అరవైల్ల ఒక వానకాలం బావ జొన్నచేన్ల గునుగు, తుమ్మి దట్టంగ లేచినయి. కలుపు తీయడానికి మనుషులు దొరుకలేదు. సేద్యం సంగతులు చెప్పే సర్కారు మనిషి, గ్రామసేవకు వచ్చి కొత్త మందు ఉన్నదని, అది జొన్నను ముట్టదని, ఆకు వెడల్పున్న కలుపునే చంపుతదని చెప్పి, మందు కొట్టే పంపు గూడ ఇప్పించిండు. బావ పొద్దున మొదలుపెట్టి చేనంత కొట్టిండు. మాపటికే పెద్ద వాన పడ్డది. ఎర్రనీళ్లు ఆయన చేన్లకెల్లి మా గుంతలకు దుంకినయి. గుంత నిండిందని నేను సంబురపడ్డ.

ఆ నీళ్లే మడికి పెట్టిన. కొన్నాళ్లకు టమాట ఆకులు ముడుచుకొని, కాడలు పేనిన తాడు లెక్క మెలితిరిగినయి. చిక్కుడు తీగ ఎటు పాకాల్నో తెలువనట్టు నేల మీద సుట్టుకపోయింది. అత్త దిష్టి అన్నది. నేను పై చేను దిక్కు చూసిన. బావ చేన్ల గునుగు గూడ గట్లనే మెలితిరిగి చచ్చింది. పోయి బావనడిగిన.

"మందు కొట్టింది నా చేన్ల. నీ మడిల నేను కాలు గూడ పెట్టలే" అన్నడు.

గ్రామసేవకును అడిగితే, మందు ఆకుకు పట్టుకుంటదని, మిగిలింది మన్ను తాగేస్తదని, నా టమాటకు తెగులు తగిలిందని చెప్పిండు. దానికి గూడ ఒక మందు ఉన్నదన్నడు. నాకు ఒళ్లు మండింది.

మిగిలిన టమాట నారు తెచ్చి రెండు పాత కుండలల్ల పెట్టిన. ఒకదానికి బాయి నీళ్లు, ఒకదానికి గుంత నీళ్లు పోసిన. బాయి నీళ్ల మొక్క నిటారుగ పెరిగింది. రెండోది ముడుచుకున్నది. బావను పిలిచి చూపించిన. ఎండ దెబ్బ అన్నడు.

"రెండు కుండలు ఒక్కతాన్నే ఉన్నయి గద బావా. ఎండ దీనికే ఎట్ల తగిలింది?"

బావ ఎడ్లకు గడ్డి వెయ్యాలని లేచిపోయిండు. మా ఇంటాయనకు అంతా సమజైంది, కానీ అన్న ముంగట నోరు లేవదు. నడుమ గట్టు పోయించుమని నేనే అడిగిన. గట్టు పోస్తే నీళ్లు నిలిచి జొన్న కుళ్లుతదని బావ ఒప్పుకోలే.

ఒకనాడు మాపుల గొర్ల కాపరి గొర్లను మా గుంత నీళ్లకు తోలుకొచ్చిండు. నేను అడ్డం నిలబడి మందు సంగతి చెప్పిన.

"నీళ్లు తేటగనే ఉన్నయి గదమ్మా. వాన నీళ్లకు గూడ లోభమా?" అని గొర్లను దింపిండు.

గొర్లకు ఏం కాలేదు. నాకు ఇంత నిమ్మళం, అంత కోపం. గొర్లు తాగి మంచిగున్నయని, నీళ్లల్ల ఏం లేదని బావ ఊరంత చెప్పుకున్నడు. గొర్రె వేరు, టమాట మొక్క వేరని నేను ఎంతమందికని చెప్పాలె?

మరుసటేడు బావ మళ్లీ పంపు తెచ్చిండు. నేను మడిని ఇంటెనుకకు మార్చుకున్న. అక్కడ నీళ్లు పారయి. బాయి నుంచి బిందెలతోని మోసుడే.