నాకు నేనే యజమానినన్న మా బావ

మా బావ చెయ్యి దక్కింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే వినేవాళ్ళు కంగారుపడి నన్ను మధ్యలోనే తొందరపెడుతున్నారు. నాకూ ఇప్పుడిప్పుడే అన్నం సహిస్తోంది.

కిటికీలకు అద్దాలు బిగించడం బావ పని. పదకొండేళ్ళుగా ఒకటే దుకాణం. పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడ హాజరు. వాళ్ళ వ్యాను, వాళ్ళ పరికరాలు, వాళ్ళు వెళ్ళమన్న ఇళ్ళు. అయినా ఎవరైనా "ఉద్యోగం ఎక్కడ?" అంటే చాలు, ఆయనకు చురుక్కుమనేది. "ఉద్యోగమేంటి? నాకు నేనే యజమానిని" అనేవాడు. చేరిన ఏడాదే ఓనరు ఓ కాగితం ముందుపెట్టి, "నువ్వు ఉద్యోగివి కాదోయ్, స్వతంత్ర కాంట్రాక్టరువి" అంటే మురిసిపోయి సంతకం చేశాడు. అలా సంతకం చేస్తే దుకాణం వాళ్ళ ప్రమాద బీమా తనకు వర్తించదని ఓనరు చెప్పలేదు, ఈయన అడగలేదు. పోనీ సొంతంగానైనా ఓ బీమా తీసుకోమని మా అక్క పోరుపెడితే, "నాకేమవుతుందే?" అని కొట్టిపారేశాడు. మహానుభావుడు!

పోయిన నెల పెద్ద అద్దం జారి కుడి మణికట్టు తెగింది. వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. త్వరగా ఆపరేషన్ చేసి తెగిన నరాలు అతకకపోతే ఆ చెయ్యి ఇక పనికి రాదన్నాడు డాక్టరు. ఉద్యోగి అయితేనే ఖర్చు ఇస్తామంది బీమా కంపెనీ. ఓనరు ఆ పాత కాగితం చూపించి చేతులెత్తేశాడు. చేసేది లేక బావా, అక్కా, నేనూ కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళాం. ఓనరు మాకంటే ముందే వచ్చి, బల్లకు అవతల కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు.

అధికారిణి కళ్ళజోడు సర్దుకుని బావను అడిగింది. "మీరు ఎవరి కింద పనిచేస్తారండీ?"

"ఎవరి కిందా కాదండీ. నాకు నేనే యజమానిని" అన్నాడు బావ, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

ఓనరు మొహం వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి పోతున్నా ఈ మనిషికి బింకం పోదేం? అక్క బల్ల కింద బావ కాలు తొక్కింది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఆవిడ కలం పక్కన పెట్టింది. "సరే. ఒక రోజు పనికి వెళ్ళడం కుదర్లేదనుకోండి. ఏం చేస్తారు?"

"ఓనరుగారిని అడుగుతానండీ."

"కుదరదంటే?"

"వెళ్తానండీ."

"ఎప్పుడైనా అలా జరిగిందా?"

బావ అక్కవైపు చూసి తల దించుకున్నాడు. మెల్లిగా అన్నాడు. "మా పాప పుట్టిన రోజున ఆసుపత్రికి వెళ్తానని అడిగానండీ. షోరూం అద్దాలన్నీ బిగించాకే కదలమన్నారు. వెళ్ళేసరికి చీకటి పడింది. ఇంట్లో మాత్రం... ఒప్పుకున్న పని నేనే వదల్లేకపోయానని చెప్పాను."

పాపకిప్పుడు ఐదేళ్ళు. ఈ ఐదేళ్ళూ అక్క ఆ విషయం ఎత్తి దెప్పని వారం లేదు. నేనూ ఆమెతో గొంతు కలిపినవాణ్నే. నాకు సిగ్గేసింది.

"అది నిజమేనా?" అని అధికారిణి ఓనరును అడిగింది. ఆయన ఆ పాత కాగితాన్నే మళ్ళీ ముందుకు తోశాడు. ఆవిడ ఇంకో నాలుగు ప్రశ్నలు వేసి, కాగితంలో ఏం రాసుకున్నా సరే, చేయించుకున్న తీరు చూస్తే ఈయన ఉద్యోగేనని తేల్చింది. బీమా వర్తిస్తుందని రాసి, ముద్ర వేసి, ఆపరేషన్ ఆలస్యం చేయొద్దని చెప్పి పంపింది.

గుండెల మీంచి పెద్ద బండ దించినట్టయింది. నేను మెట్లు రెండేసి చొప్పున దిగుతున్నాను. వెనక్కి తిరిగి చూస్తే అక్క మధ్య మెట్టు మీద కూలబడి వెక్కివెక్కి ఏడుస్తోంది.

"చెయ్యి బాగవుతుంది కదే. ఇంకా ఏడుపెందుకు?" అన్నాడు బావ, పక్కన కూర్చుంటూ.

"ఆ రోజు మీరు రావాలనే అనుకున్నారు కదండీ" అంది అక్క.