బూట్ల మీది బొంత

ఒక జత బూట్ల బరువు ఎంత ఉంటుంది? పిల్లల బూట్లు. తూకం వేస్తే అర కిలో ఉంటాయేమో. వాటిని నేను ఏడేళ్లుగా మోస్తున్నాను. వడ్ల బస్తాలు ఎత్తిన నడుము నాది. బస్తాలను కళ్లంలోనే దించేశాను. వీటిని మాత్రం ఎక్కడ దించాలో తెలియలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పాలంటే వాళ్ల మొహం చూడాలి. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, అక్షరాలు వంకరపోతే సర్దుకొని చదవండి.

మాది సూర్యాపేట. పుట్టింది గరిడేపల్లి దగ్గర ఒక పల్లెలో. ఇంట్లో నేనంటే అందరికీ భయం. ఆ భయం ఊరికే రాలేదు, నేనే పెంచాను. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అంటిస్తాను. పాల ప్యాకెట్లు కడిగి ఆరేస్తాను. చిరిగిన చీరను గడప దాటనివ్వను, అది బొంతలోకి పోవాల్సిందే. పిల్లలకు బూట్లు కొంటే ఒక సైజు పెద్దవే కొనాలి. ముందు భాగంలో గుడ్డపేలికలు కుక్కాలి. కాలు పెరిగినకొద్దీ పేలికలు తీస్తూ పోవాలి. అప్పటికీ పట్టకపోతే అవి చిన్నపిల్లకు పోవాలి. ఇది మా ఇంటి చట్టం. చట్టం పెట్టింది నేనే.

శ్రావ్య నా కొడుకు కూతురు. అది ఎనిమిదో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవానికి డాన్స్ కుదిరింది. తెల్లబూట్లు కావాలని అడిగింది. నేనే వెంట వెళ్లి కొనిపెట్టాను, ఒక సైజు పెద్దవి. తెల్లగా, నున్నగా, పాలమీగడలా ఉన్నాయి. దుకాణంలో నిలబడే కోదాడలో కాపురముంటున్న నా బిడ్డకు ఫోన్ చేశాను. వచ్చే ఏడు ఇవి నీ కూతురికే, కొత్తవి కొనకు అని మాట ఇచ్చాను.

నాలుగు రోజులయింది. శ్రావ్య ఫోన్లో ఏవో వీడియోలు చూస్తూ డాబా మీద కూర్చుంటోంది. బొమ్మలు వేసుకుంటోందిలే అనుకున్నాను. వార్షికోత్సవం ఇంకో రోజుందనగా, కోడలు వాళ్లమ్మకు బాగాలేదని మిర్యాలగూడ వెళ్లింది. కొడుకు తన దుకాణంలో ఉన్నాడు. పిల్ల బడికి పోయింది. వడియాలు తిరగేద్దామని నేను డాబా ఎక్కాను.

పిట్టగోడ మీద బూట్లు ఆరుతున్నాయి. వాటి నిండా మాసికలు.

నిజం మాసికలు కావు, రంగుతో వేసినవి. ఎర్ర ముక్క, దాని పక్కన నీలం ముక్క, పసుపు ముక్క. ముక్కకూ ముక్కకూ నడుమ నల్లగా చిన్న చిన్న కుట్లు. దూరం నుంచి చూస్తే చిరిగిపోయినవాటిని అతుకులేసి కుట్టినట్టే ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు అంత మండింది? ఏడేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. కోదాడకు ఇచ్చిన మాట పోయిందనా? అదీ ఉంది. కానీ అసలుది అది కాదు. చిన్నప్పుడు నావి టైరు చెప్పులు. మా అక్క వేసి వదిలేస్తే నాకొచ్చినవి. వాటి పట్టీలకు మూడు చోట్ల అతుకులు. బడిలో ఆ చెప్పులు చూసి పిల్లలు పాట కట్టారు. ఆ పాట నాకు ఇప్పటికీ గుర్తుంది, రాయను. నా ఇంటి పిల్లల కాలికి అతుకు పడకూడదని ఒంటి కష్టం చేసి బతికినదాన్ని. అటువంటి ఇంట్లో, మచ్చలేని తెల్లబూట్లు కొనిస్తే, ఈ పిల్ల కూర్చుని చేజేతులా వాటికి మాసికలు వేసింది. అలా అనుకున్నాను. అడగొచ్చు కదా, ఇవేమిటని? సాయంత్రం దాకా ఆగొచ్చు కదా? ఆగలేదు.

బూట్లు కిందికి తెచ్చాను. నీళ్లు కాచాను. నల్లా దగ్గర పీట వేసుకుని, బట్టల సబ్బు, కొబ్బరి పీచు తీసుకుని తోమాను. మొదట రంగు కదల్లేదు. ఇంకోసారి నీళ్లు కాచాను, ఈసారి బాగా మరిగించి. అప్పుడు పొరలు పొరలుగా లేచింది. మోరీలోకి ఎర్రనీళ్లు, వెనక నీలం నీళ్లు పోయాయి. ఒక మాట దాచకుండా చెప్పాలి మీకు. తోముతుంటే నాకు హాయిగా ఉంది. మొండి మాడు వదిలించిన గిన్నెను చూస్తే ఎలా ఉంటుందో అలా.

చేతులు లాగాయి. ఎంత తోమినా కుట్ల సందుల్లో రంగు మిగిలే ఉంది, అక్కడక్కడా పొట్టు లేచినట్టు వేలాడుతోంది. అప్పుడు తల చల్లబడింది. తప్పు చేశానని కాదు, దొరికిపోతానని. గుడ్డతో తుడిచి, లోపల పాత పేపర్లు కుక్కి, డాబా మీద అదే పిట్టగోడ మీద, ముందు ఏ దిక్కుకు ఉన్నాయో ఆ దిక్కుకే తిప్పి పెట్టాను. ఎండ బాగా కాసింది. సాయంత్రానికల్లా ఎండిపోయాయి. పేపర్లు తీసేశాను.

ఇంత జాగ్రత్త ఉన్నవాళ్లు కోపంలో చేశామని చెప్పుకోవడానికి వీల్లేదు. అందుకే చెప్పుకోవడం లేదు.

పిల్ల బడి నుంచి వచ్చింది, సంచి పడేసి డాబా ఎక్కింది. తర్వాత ఒక్కో మెట్టూ మెల్లగా దిగి, రెండు చేతుల్లో రెండు బూట్లతో నా ముందు నిలబడింది. నేను బియ్యం ఏరుతున్నాను. తల ఎత్తలేదు.

"నానమ్మా, గిట్ల సూడు. రంగంత ఊడింది."

"ఎట్ల ఊడింది?"

"తెల్వదు. పొద్దుగాల మంచిగనే ఉండె. ముందుగాల పైనున్న మెరుపు తుడిచి, గప్పుడు రంగెయ్యాలని వీడియోల చెప్పిండ్రు. నేను తుడవకుంటనే వేసిన. ఎండకు లేసింది కావొచ్చు. నాదే తప్పు."

నాకు దారి తనే చూపించింది. ఆ దారిన పోయాను.

"పోతె పోయింది తియ్. మాసికల బూట్లేసుకొని స్టేజీ ఎక్కుతవా? సూసినోళ్లు ఏమంటరు? మీ నాయిన ఇజ్జత్ ఉంటదా?"

"మాసికలు గావు నానమ్మా." పిల్ల కళ్లు తుడుచుకుంది. "నీ బొంత. నేను కప్పుకునే బొంత. గీ ఎర్రది నీ పెండ్లి చీర ముక్క, గీ నీలంది తాత లుంగి. కుట్లు గూడ నీ లెక్కనే వేసిన, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. స్టేజీ మీద మా దోస్తులకు చెప్దామనుకున్న, మా నానమ్మ డిజైన్ అని."

నా చేతిలో బియ్యం అలాగే ఉండిపోయాయి. చూశాను. అరిగిపోయిన ఎరుపు అంచున నిజంగానే ఒక పొడుగు కుట్టు, ఒక పొట్టి కుట్టు. అది నా చేతి అలవాటు. నలభై ఏళ్లు కుట్టినా ఇంకెవరూ పట్టించుకోని నా వంకర. ఆ పిల్ల దాన్ని చూసింది.

చెప్పడానికి అంతకంటే మంచి ఘడియ ఉంటుందా? లేదు. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

"రంగంటె గంతే బిడ్డా. నీ చేతికి గా పని రాదు. పోయి సదువుకో."

కడిగింది ఒక తప్పు. ఈ మాట ఇంకో తప్పు. రెండింటినీ పక్కపక్కన పెడితే, మాటే పెద్దది. బూట్లది బయటి రంగు.

మర్నాడు శ్రావ్య పాత నల్లబూట్లతో స్టేజీ ఎక్కింది. బాగానే ఆడింది. నేను ముందు వరసలో కూర్చుని దాని కాళ్లవైపు చూడకుండా మొహమే చూశాను. మరుసటి ఏడు, మిగిలిన రంగు కూడా వదిలించాక, ఆ తెల్లబూట్లు కోదాడకు వెళ్లాయి. నా బిడ్డ కూతురు వాటిని రెండేళ్లు తొడిగింది. నేను అనుకున్నదే అయింది. ఇంటి చట్టం నిలబడింది.

కానీ శ్రావ్య ఊరుకోలేదు. అది నా మనుమరాలే, మొండిది. వాళ్ల నాన్న పారేయబోయిన బూట్లు తీసుకుంది, తల్లి పాత చెప్పులు తీసుకుంది. వాటి మీద రంగు వేయడం, ఎండబెట్టడం, గోటితో గీకి చూడడం. ఊడితే మళ్లీ మొదటికి. పైనున్న మెరుపు తుడవడానికి గోళ్లరంగు తుడిచే నీళ్లు కావాలని తల్లిని అడిగితే, చదువు పాడవుతుందని తల్లి కొననంది. విన్నాను. రెండు రోజులు ఆగి, నేనే ఫ్యాన్సీ దుకాణానికి వెళ్లి అడిగాను. కొట్టు పిల్లగాడు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "ఏం పెద్దమ్మా, గోళ్లకు రంగేస్తున్నవా? ఎవలి పెండ్లి?" అన్నాడు. "నీదే" అని సీసా తీసుకుని వచ్చాను. ఇంట్లో మాత్రం, ఎవరో పారేస్తుంటే తెచ్చానని చెప్పాను. చూశారా, మంచిపని చేయడానికి కూడా నాకు అబద్ధమే కావలసి వచ్చింది.

ఇప్పుడు శ్రావ్య మిర్యాలగూడలో అమ్మమ్మ ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతోంది. శనివారం బస్సుకు వస్తుంది. సంచిలో పుస్తకాలు తక్కువ, బూట్లు ఎక్కువ. తోటిపిల్లలు తెచ్చి ఇస్తారు, పూలు వేయమని, పేర్లు వేయమని, పులి మొహం వేయమని. నేను పక్కన కూర్చుని అడుగుభాగానికి రంగు అంటకుండా టేపు చుట్టి ఇస్తాను. టేపు వృథా కాకుండా చుట్టడం నాకంటే బాగా ఎవరికీ రాదని దానికి తెలుసు. పల్చగా ఒక పూత, ఆరాక ఇంకో పూత, చివరన రంగు ఊడకుండా కాపాడే పూత. ఫ్యాన్ కింద రంగు ఆరుతుంటుంది. ఈ వయసులో నాకు ఇంతకంటే సుఖం ఏముంది? లేదు. సుఖంగానే ఉన్నాను. ఆ సుఖంలోనే ఈ ముల్లు.

ఎందుకంటే, ఎవరు బూట్లు తెచ్చినా అది ఆ కథ చెబుతుంది. పోయిన నెల కోదాడలో నా బిడ్డ ఇంట్లో కూడా చెప్పింది. "నా మొదటి జత ఒక్క పూటల ఊడిపోయింది. తుడవకుంట వేసిన. అంత చెత్త పని. గా సిగ్గుతోనే నేర్చుకున్న" అంది నవ్వుతూ. అందరూ నవ్వారు. మా అల్లుడు నా వైపు తిరిగాడు. "అయితే అత్తయ్యగారూ, ఆ రంగు ఊడబట్టే మీ మనవరాలు ఇంత గట్టిదైందన్నమాట!"

అప్పుడు నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. "చాయిల చక్కెర ఎక్కువైంది" అన్నాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి, ఇది ఇంకా సిగ్గు. ఆ మాట విన్నాక బస్సులో వస్తూ, కిటికీ పక్కన కూర్చుని, నిజమే కదా అనుకున్నాను. నేను తోమకపోతే పిల్ల ఇంత పట్టుపట్టేదా? ఒక్క జతతో మురిసిపోయి మానేసేదేమో. అంటే దాని పనితనంలో నా చెయ్యి కూడా ఉన్నట్టేనా? సూర్యాపేట వచ్చేదాకా ఆ ఆలోచనలో కాస్త హాయిగా కూర్చున్నాను. బస్సు దిగాక నన్ను నేను తిట్టుకున్నాను. పిల్ల రంగు కడిగేసింది చాలక, దాని కష్టంలో కూడా వాటా అడుగుతున్నానా? ఏడేళ్లు గీకి గీకి నేర్చుకున్నది అది. నేను చేసింది సబ్బు అరగదీయడం.

ఉగాదికి నాకు కూడా ఒక జత తెచ్చింది. మడమలు పగిలి నెత్తురొస్తోందని, మెత్తని బూట్లు వేసుకొమ్మని దవాఖానాలో చెప్పారు. మెత్తటివి, తెల్లవి, నా సైజువే. పేలికలు కుక్కే పని లేదు. వాటి మీద బొంత వేసింది. ఎర్ర ముక్క, నీలం ముక్క. ఒక పొడుగు కుట్టు, ఒక పొట్టి కుట్టు. పొద్దున నడకకు అవే వేసుకుంటున్నాను. దారిలో ఆడవాళ్లు ఆపి మరీ చూస్తున్నారు. మాసికలని ఒక్కరూ అనలేదు. "బొంత లెక్కనే ఉన్నయే" అంటున్నారు. చూడగానే వాళ్లకు తెలిసింది. నాకు తెలియలేదు, కుట్టింది నేను.

ఇవాళ శనివారం. సాయంత్రం బస్సుకు పిల్ల వస్తుంది. బూట్లకు దుమ్ము పట్టింది. తడిగుడ్డతో మెల్లగా తుడిచి, ఈ నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను. క్షమించమని అడగడానికి కాదు. క్షమిస్తుందని నాకు తెలుసు, అందుకే అడగాలంటే ఇంకా సిగ్గు. దానికి నేను ఇవ్వాల్సింది వేరే ఉంది. తన మొదటి పని చెత్త అని అది అందరికీ చెప్పుకుంటోంది. అది చెత్త కాదని ఈ లోకంలో తెలిసింది నాకొక్కదానికే. నోటితో అనగలనో లేదో. కాగితం మీద మాత్రం, దానితో మాట్లాడినట్టే రాస్తున్నాను.

బిడ్డా, నీ రంగు ఊడలేదు. నేనే ఊడగొట్టిన. రెండుసార్లు నీళ్లు కాగవెట్టి, గంటసేపు పీచుతోని తోమితే గాని రాలేదు. నా రెక్కలు గుంజినయ్. గంత గట్టిగ పట్టుకున్నది నీ మొదటి రంగు.